గరిక పాఠం



ఈ పర్యాయం ఒక గడ్డిని గురించి మీతో ముచ్చటించదలచాను. తెలుగు బోధనను గురించి వ్రాయవలసిన చోట గడ్డి ప్రసక్తి ఎందుకని మీకు అనిపించవచ్చు. దయచేసి కొంత ఓపిక పట్టండి. నేను చెప్పదలచిన గడ్డి మనందరికీ తెలిసినదే. బరంపురంలో ఏ బడి ఆవరణలోనైనా, గంజాం జిల్లాలో ఏ పొలం గట్టు మీదనైనా కనిపించే గరిక అది. ఒడియాలో దీనిని దూబ అంటారు. సంస్కృతంలో దూర్వ. మూడు పేర్లూ మన పిల్లల చెవులకు అందుబాటులోనే ఉన్నాయి. అయినా ఒక రోజు ఆరవ తరగతిలో ఒక మొక్కను పెరికి చూపించి "ఇదేమిటి?" అని అడిగితే, తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది "గ్రాస్" అన్నారు. తెలుగు తరగతిలో తెలుగు పిల్లలు చెప్పిన సమాధానం ఇది. ఒడియా పేరు కూడా వారికి తట్టలేదు.

పిల్లలను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మన పరిస్థితి మీకు తెలియనిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగంగా ఉండేది. ఆ రోజునుంచి ఇక్కడి తెలుగువారు భాషా అల్పసంఖ్యాకులు అయ్యారు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. అధికరణం ఉండడం ఒకటి, తరగతిలో పిల్లలు ఉండడం మరొకటి. మన చేతికి వచ్చిన పిల్లవాడు అయిదారేళ్ళు మనతో ఉంటాడు. పిమ్మట ఉద్యోగం కోసమో, పై చదువు కోసమో మరొక మాధ్యమానికి వెళతాడు. ఆ కొద్ది కాలంలో ఏమి నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదే అసలు ప్రశ్న. పిల్లవాడి కాళ్ళ క్రింద ఉన్న నేలనుంచి మొదలుపెట్టాలన్నది నా మనవి. ఆ మనవికి గరికను సాక్షిగా తెచ్చాను.

ముందుగా ఆ మొక్కను గురించి. వృక్షశాస్త్రంలో దీని పేరు సైనొడాన్ డాక్టిలాన్. గ్రీకు భాషలో మొదటి మాటకు కుక్కపన్ను అనీ, రెండవదానికి వేలు అనీ అర్థం. గరిక పూతను దగ్గరనుంచి చూస్తే కాడ కొసన నాలుగైదు కంకులు అరచేతి వేళ్ళవలె విచ్చుకొని ఉంటాయి. నేలలో ఉండే కాండం మీది మొగ్గలు కోరపళ్ళవలె మొనదేలి ఉంటాయి. ఇంత చక్కని పేరును పిల్లలు బట్టీ పట్టనక్కరలేదు, చేతిలో పట్టుకొని చూస్తే చాలు.

ఇది ఏటేటా విత్తు వేయవలసిన మొక్క కాదు, బహువార్షికం. నేలమీద ప్రాకే కాడలు కొన్ని, నేల లోపల సాగే కాండాలు కొన్ని ఉంటాయి. కాడకు వరుసగా కణుపులు ఉంటాయి. తడి నేలను తాకిన కణుపునుంచి క్రిందికి వేరు, పైకి పిలక పుడతాయి. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండకు పై పోచలన్నీ ఎండి, నేల బోడిగా కనిపిస్తుంది. కాండం మాత్రం లోపల సజీవంగా ఉంటుంది. తొలకరి పడిన వారం పది రోజులకే బీడు పచ్చబడుతుంది. చెరకు, మొక్కజొన్నల వలెనే గరికకూ మండుటెండలో, తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకొనే శక్తి ఉన్నది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం వద్ద ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు మన ఊరి మహావృక్షాలు ఎన్ని కూలిపోయాయో మీరు చూశారు. ఆ శిథిలాల మధ్య గరిక యథాతథంగా ఉన్నది.

అయితే గరికను పొగడి ఊరుకుంటే రైతు నవ్వుతాడు. పొలంలో అది మొండి కలుపు. కోస్తే చావదు, కొడవలికి లొంగదు. రైతు చేసే పని వేసవి దుక్కి. నాగలితో నేలను లోతుగా తిరగవేసి, లోపలి కాండాలను పైకి తీసి, రోజుల తరబడి ఎండలో పడవేస్తే అప్పుడు చస్తుంది. ఇంకొక సంగతి, గరిక నీడకు ఓర్వలేదు. గుబురైన చెట్టు క్రింద అది పలుచబడి మాయమవుతుంది. మేక మేసినా, మనుషులు తొక్కినా, కత్తితో కోసినా ఓర్చుకొనే మొక్కకు ఉన్న బలహీనతలలో ఇవి ముఖ్యమైనవి. వేరును నేలనుంచి విడదీయడం ఒకటి, వెలుతురు అందకుండా చేయడం రెండవది. తెలుగు ఉపాధ్యాయులు ఈ రెండింటినీ గుర్తు పెట్టుకోవడం మంచిదని మాత్రం చెప్పి, వివరణ మీకే విడిచిపెడుతున్నాను.

ఇక మాటల సంగతి. ఒక గడ్డి పేరు మరచిపోతే ఒక్క మాటే పోతుందని అనుకుంటాము. నిజానికి దానితో కలిసి ఒక దుబ్బు మొత్తం పోతుంది. పాఠంలో "పూరిల్లు" అన్న మాట వచ్చింది. అర్థం చెప్పమంటే ఒక పిల్లవాడు "పూరీలో ఉన్న ఇల్లు" అన్నాడు. జగన్నాథుని రాష్ట్రంలో పుట్టిన పిల్లవాడికి అది సహజమైన సమాధానమే. ఇంకొకడు "పూరీలు చేసే ఇల్లు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. పూరి అంటే ఇంటిపైన కప్పే గడ్డి అని చెప్పేందుకు చూపించడానికి మా వీధులలో ఇప్పుడు ఒక్క పూరికప్పు కూడా లేదు. వస్తువు పోయింది, మాట మిగిలింది, అర్థం జారిపోయింది.

తృణం అంటే గడ్డి. తృణీకరించడం అంటే గడ్డిపోచతో సమానంగా చూడడం. తృణప్రాయం, తృణధాన్యం కూడా ఆ కుదుటివే. వరి, చెరకు, వెదురు అన్నీ గడ్డి కుటుంబానివే. ఆస్కా చెరకు తోటలు చూసిన పిల్లవాడికి "చెరకు కూడా ఒక గడ్డే" అని చెబితే కళ్ళు పెద్దవి చేసి వింటాడు. దర్భకే కుశ అని మరొక పేరు. దాని కొన ఎంత పదునో చేతికి తెలిసినవాడికి "కుశాగ్రబుద్ధి" అన్న మాటను వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. చేయి తెగకుండా కుశలను కోసి తేగలిగిన నేర్పరి కుశలుడని పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. శరవణం అంటే రెల్లు వనం. ఋషికుల్య ఒడ్డున శరత్కాలంలో తెల్లగా పూచే రెల్లును ఒడియావారు కాశతండీ అంటారు. ఆ పూతను చూపించి, కుమారస్వామికి శరవణభవుడన్న పేరు ఎందుకు వచ్చిందో చెప్పండి. ఆ పాఠం పిల్లలు జన్మలో మరచిపోరు. గరికపాటివారు, గరికపాడు వంటి ఇంటిపేర్లూ ఊళ్ళపేర్లూ సరేసరి.

చాలామంది పెద్దలే గరికనూ దర్భనూ ఒకటిగా భావిస్తారు. దర్భ కుదురుగా, నిటారుగా, గరుకైన అంచులతో పెరుగుతుంది. గరిక నేలను అంటిపెట్టుకొని ప్రాకుతుంది. వినాయక చవితినాడు ఏకవింశతి పత్రాలలో దూర్వాయుగ్మం అని సమర్పించేది గరికనే. యుగ్మం అంటే జంట. ఒడిశాలో గణేశ పూజ బడులలోనూ జరుగుతుంది కనుక ఈ పాఠానికి అంతకంటె మంచి రోజు లేదు. ఒడియావారి ఇళ్ళలో శుభకార్యాలప్పుడు చేసే వందాపనలోనూ బియ్యంతో పాటు దూబ ఉంటుంది. మనం అక్షింతలు చల్లి దీవిస్తాము, వారు దూబ ఉంచి దీవిస్తారు. ఇది తెలిసిన పిల్లవాడికి ఒడియా పరాయి భాషగా తోచదు, తెలుగు చిన్నతనంగానూ తోచదు. మన బడి చేయవలసిన పని అదే కదా.

గ్రాస్ అన్న ఎనిమిదిమందిని గురించి చెప్పాను. తొమ్మిదవ పిల్ల సంగతి ఇప్పుడు చెబుతాను. ఆమె చదవడంలో వెనుకబడినది. ఒత్తులు తప్పేవి, గుణింతం తడబడేది. ఆ రోజు మాత్రం చేయి ఎత్తి, "గరిక మాస్టారూ. ఇది మేకలకి ఇష్టం. తుంగ వేరు, దానికి కింద గడ్డ ఉంటాది" అన్నది. వాళ్ళ మామ్మ మేకలు కాస్తుంది. సెలవు రోజులలో ఈ పిల్ల వెంట వెళుతుంది. ఆవరణలోకి తీసుకువెళ్ళి అడిగితే పదిపన్నెండు మొక్కలకు పేర్లు చెప్పింది. వాటిలో కొన్ని నాకు క్రొత్తవి. ఆ వారం తరగతికి ఆమె పాఠం చెప్పింది, మిగిలినవారు వ్రాసుకున్నారు. తాను చెప్పిన మాటలు నల్లబల్ల మీద అక్షరాలుగా మారుతుంటే చూసి, ఆ అక్షరాలను తానే మొదట చదివింది. ఒత్తులు తప్పకుండా చదివింది.

నెల తిరగకుండా ఆమె తండ్రి బడికి వచ్చారు. కట్టడం పని చేసే మనిషి, మర్యాదస్థుడు. "గడ్డి పేర్లు నేర్పితే మా పిల్లకి ఏటి ఒరుగుద్ది మాస్టారూ? రేపు ఉద్యోగానికి ఒడియా కావాలి, ఇంగ్లీషు కావాలి" అన్నారు. నేను ఆయనతో వాదించలేదు. ఆయన చెప్పినది నిజం. తెలుగు చదివితే ఇక్కడ ఉద్యోగం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఏ ఉపాధ్యాయుడైనా ఇస్తే అది మోసం. "బాబూ, మీ అమ్మగారు మీ పిల్లకు నేర్పినదే నేను వ్రాయించాను. ఆ మాటల ద్వారానే ఆమెకు చదవడం పట్టుబడింది. ఇప్పుడు ఏ భాషలోనైనా చదువుతుంది" అని మాత్రం చెప్పాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, నమస్కారం పెట్టి వెళ్ళారు. మరుసటి ఏడు ఆమెను వేరొక బడిలో చేర్చారు. ఈ ఏడాది నా తరగతిలో ఆ పిల్ల లేదు.

ఇందులో ఎవరి దోషమూ లేదు. అయితే ఒక్కటి ఆలోచించండి. ఆ పిల్ల మాతో గడిపిన కాలమంతా మరొక ప్రాంతపు పిల్లలను దృష్టిలో పెట్టుకొని వ్రాసిన పాఠాలనే వల్లె వేయించి ఉంటే, ఆమె "నాకు తెలుగు రాదు" అన్న నమ్మకంతో వెళ్ళిపోయేది. మన పుస్తకంలో రాగులు అని ఉంటుంది. మన ఇళ్ళలో చోళ్ళు అంటారు, బజారులో మాండియా అంటారు. చోళ్ళు అన్న పిల్లవాడిని "తప్పు, రాగులు అనాలి" అని దిద్దితే, వాడి మామ్మనూ వాడి ఇంటినీ కలిపి దిద్దినట్లే. మూడు మాటలనూ నల్లబల్ల మీద ప్రక్క ప్రక్కన వ్రాస్తే వాడికి మూడు వాకిళ్ళు తెరిచినట్లు.

గడ్డిని తృణీకరించని మనుషులు మన జిల్లాలోనే ఉన్నారు. ఆస్కా దాటి భేట్నయి, బాలిపదర ప్రాంతాలకు వెళితే పొలాలలోనూ బీళ్ళలోనూ కృష్ణజింకల మందలు కనిపిస్తాయి. అక్కడ కంచె లేదు, అభయారణ్యం లేదు. ఆ జింకలు ఊరికి వస్తే వానలు వస్తాయని గ్రామస్థుల విశ్వాసం. అందువల్ల పైరు మేసినా తరుమరు, వేటాడనివ్వరు. 2011 లెక్కలో రెండువేలకు పైబడి ఉన్న జింకలు 2021 నాటికి ఆరువేలు దాటాయి. కృష్ణజింక అడవి మృగం కాదు, బయలు మృగం. గరికవంటి పొట్టి గడ్డి మొలిచే మైదానం దాని ఇల్లు. ప్రభుత్వ కాగితాలలో "బంజరు" అని వ్రాసే నేల చాలాచోట్ల ఇటువంటి పచ్చికే. బంజరు అన్న పేరు పడితే ఆ నేల దేనికీ పనికిరానిదిగా తోస్తుంది. పచ్చికబయలు అంటే అదే నేల ప్రాణం ఉన్నదిగా తోస్తుంది. పేరు మారితే చూపు మారుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం కావాలా?

చూపు తప్పితే ఏమవుతుందో దూరదేశం ఒకటి అనుభవించి చూపింది. అమెరికా మధ్య మైదానాలలో వేలయేళ్ళుగా బఫెలో గడ్డి, గ్రామా గడ్డి వంటి దేశీయ బహువార్షిక తృణాలు తమ వేళ్ళతో మట్టిని పట్టి ఉంచాయి. గోధుమ కోసం ఆ పచ్చికను విస్తారంగా దున్నివేశారు. 1930 దశకంలో వరుసగా అనావృష్టి వచ్చింది. పట్టి ఉంచే వేరు లేక మట్టి ధూళి మేఘాలై లేచిపోయింది, లక్షలమంది ఊళ్ళు విడిచారు. గడ్డి ఏమి చేస్తున్నదో అది లేనప్పుడు గాని తెలియలేదు.

ఆ దేశానికి మన గరిక కూడా వెళ్ళింది. అక్కడ దాని పేరు బెర్ముడా గడ్డి. పాత ప్రపంచపు మొక్కకు ఒక ద్వీపం పేరు తగులుకున్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇళ్ళ ముందు పచ్చికగా దానినే పెంచుతారు. టెక్సాస్‌లో ఉండే తెలుగు తల్లి చవితి పూజకు గరిక దొరకలేదని బాధపడుతూ, తన వాకిట్లో వారం వారం యంత్రంతో కత్తిరించేది అదేనని ఎరగకపోవచ్చు. పేరు తెలియకపోతే వాకిట్లో ఉన్నదీ కనిపించదు. ఈ వ్యాసం చదివే ప్రవాస తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, ఒకసారి వంగి కణుపులు చూడవలసినదిగా కోరుతున్నాను.

ఇటువంటి బోధనకు మనకు పూర్వులు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల వద్దకు వెళ్ళి వారి భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషకు వ్యాకరణం ప్రచురించారు, 1938లో నిఘంటువు వెలువరించారు. పుస్తకంనుంచి మనిషి దగ్గరకు కాక, మనిషి దగ్గరనుంచి పుస్తకానికి వచ్చిన పండితుడు ఆయన. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినంగా జరుపుకొని ఉపన్యాసాలు చెప్పే మనము, ఆ పద్ధతిని తరగతిలో ఒక్క గంట పాటించినా ఆయనకు నిజమైన నివాళి అవుతుంది. బరంపురంలోనే పుట్టిన ఉప్పల లక్ష్మణరావుగారు వృక్షశాస్త్రవేత్త. "అతడు-ఆమె" నవలా రచయితగా తెలుగు లోకానికి పరిచితులు. విజ్ఞానశాస్త్రానికీ తెలుగుకూ పొత్తు కుదరదనే వారికి మన ఊరి పేరుతోనే సమాధానం ఉన్నది.

ఆచరణకు సంబంధించి కొన్ని సూచనలు చేసి ముగిస్తాను. తొలకరి తరువాత ఒక రోజు పిల్లలను ఆవరణలోకి తీసుకువెళ్ళండి. గరికను వేళ్ళతో సహా ఒక దుబ్బు త్రవ్వించండి. కాగితం మీద పరచి కణుపులు లెక్కపెట్టించండి. పోచ, కాడ, కణుపు, పిలక, వేరు, దుబ్బు, పచ్చిక, బీడు అన్న ఎనిమిది మాటలు వ్రాయించండి. ప్రతి మాటకు ఎదురుగా ఇంట్లో వాడే మాటనూ ఒడియా మాటనూ వ్రాసుకొని రమ్మనండి. రెండు కణుపులున్న ముక్కను ఒక కుండీలో నాటించండి. అటువంటిదే మరొకటి పొడి కాగితం మీద ఉంచండి. పదిరోజుల తరువాత ఏది బ్రతికిందో పిల్లలే చూసి, నాలుగు వాక్యాలు సొంతంగా వ్రాస్తారు. దీనికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. బడి ఒక్కటే మీ పిల్లవాడికి తెలుగు నిలపలేదు. గరిక ఒక్క కణుపు దగ్గరే వేరు పట్టి ఊరుకోదు, తడి తగిలిన చోటల్లా పడుతుంది. ఇంట్లో, బజారులో, మామ్మ దగ్గర, పండుగనాడు ఎక్కడ నేల తగిలితే అక్కడ తెలుగు వేరు పడుతుంది. రేపు మీ పిల్లవాడిని మరొక మాధ్యమంలో చేర్చవలసి వస్తే చేర్చండి, మేము నిందించము. కానీ సాయంకాలం వాడితో కలిసి నడిచేటప్పుడు దారిలో కనిపించిన మొక్క పేరు మీకు తెలిసిన మాటలో చెప్పండి. మీకు తెలియకపోతే మీ అమ్మగారిని అడగండి. ఆమె ఉండగానే అడగండి.

మీ ఊరిలో గరికకు, తుంగకు, రెల్లుకు, వట్టివేరుకు వేరే పేర్లు ఉంటే వ్రాసి పంపవలసినదిగా ప్రార్థన. వాటిని చేర్చి పిల్లల కోసం ఒక చిన్న పట్టిక తయారుచేయాలని ఉన్నది. సెలవు.